డేనియల్ స్మిత్ గీత తప్పింది, హద్దు తప్పలేదు

టెన్నెసీ మ్యాపు ముందు పెట్టుకుని ఉత్తరపు అంచు వెంబడి తూర్పు నుంచి పడమరకు వేలు పోనివ్వండి. ముందు వర్జీనియా హద్దు, కంబర్లాండ్ గ్యాప్ అనే కొండ కనుమ దాటాక కెంటకీ హద్దు. పడమరకు పోయేకొద్దీ గీత ఉత్తరానికి పాకుతుంది. ఇప్పుడు కెంటకీ లేక్‌గా మారిన టెన్నెసీ నది దగ్గర అది ఆగిపోయి, నది వెంట పదకొండు పన్నెండు మైళ్ళు దక్షిణానికి దిగుతుంది. అక్కడి నుంచి మిసిసిపీ దాకా తిన్నగా నడుస్తుంది. రాసిన చట్టం ప్రకారం ఈ మెట్టు ఉండకూడదు. 1665లో ఇంగ్లండ్ రాజు ఇచ్చిన కరొలైనా చార్టర్ చెప్పింది ఒకే ఒక్క అక్షాంశం, 36 డిగ్రీల 30 నిమిషాలు. నదికి పడమట గీత దాని మీదే ఉంది. తూర్పున ఎక్కడా లేదు.

తూర్పు గీతలో చాలా భాగం 1779-80లో డాక్టర్ థామస్ వాకర్, డేనియల్ స్మిత్ గీసింది. పడమటి గీతను 1819లో అలెగ్జాండర్, మన్సెల్ అనే ఇద్దరు సర్వేయర్లు గీశారు. తర్వాత వచ్చినవాళ్ళది ఒప్పు, ముందు వెళ్ళినవాళ్ళది తప్పు. ఈ మాట దగ్గరే ఆగిపోయి, ‘పాపం, ఆ రోజుల్లో జీపీఎస్ లేదుగా’ అని నవ్వేసి పేజీ తిప్పేవాళ్ళే ఎక్కువ. నాకు ఆ నవ్వుతోనే పేచీ. నేల మీద గుర్తు పెట్టి, జనం నమ్ముకుని బతికిన గీత కాగితం మీది అంకెకు సరిపోకపోయినా అదే హద్దు. అమెరికా భూమి చట్టం రెండు శతాబ్దాలుగా చెబుతున్నది ఇదే. మనవాళ్ళు ఇల్లు కొన్నా, స్థలం కొన్నా, గుడికో కమ్యూనిటీ హాలుకో ఐదెకరాలు కొన్నా తెలిసి ఉండాల్సిందీ ఇదే.

ముందు మనిషి గురించి నాలుగు మాటలు. డేనియల్ స్మిత్ 1748లో వర్జీనియాలోని స్టాఫర్డ్ కౌంటీలో పుట్టాడు. విలియం అండ్ మేరీ కాలేజీలో చదివి, నైరుతి వర్జీనియా కొండల్లో సర్వేయరుగా స్థిరపడ్డాడు. 1780ల్లో కంబర్లాండ్ లోయకు తరలిపోయి, ఇప్పటి హెండర్సన్‌విల్‌లో రాక్ క్యాసిల్ అనే సున్నపురాతి ఇల్లు కట్టించుకున్నాడు. ఆ ఇల్లు ఇప్పటికీ నిలిచి ఉంది, వెళ్ళి చూడొచ్చు. 1790లో వాషింగ్టన్ అతణ్ణి సౌత్‌వెస్ట్ టెరిటరీకి, అంటే తర్వాత టెన్నెసీ రాష్ట్రమైన ప్రాంతానికి, సెక్రటరీగా వేశాడు. గవర్నర్ విలియం బ్లౌంట్ ఊళ్ళో లేనప్పుడు పాలన నడిపింది స్మితే. 1796లో టెన్నెసీ రాజ్యాంగ సభలో కూర్చున్నాడు. 1798లో ఆండ్రూ జాక్సన్ ఖాళీ చేసిన సెనేట్ సీటులోకి వెళ్ళాడు, 1805 నుంచి 1809 వరకు మళ్ళీ సెనేటరుగా ఉన్నాడు. ప్రధానంగా అతని కొలతలతోనే తయారైన టెన్నెసీ మ్యాపును మాథ్యూ కేరీ 1790ల మధ్యలో అచ్చువేశాడు. స్మిత్ కౌంటీ పేరు ఇతనిదే. రెండో ముఖం కూడా చెప్పాలి. ఇంట్లోనూ పొలంలోనూ బానిసల చేత పని చేయించుకున్న కుటుంబం అది. 1805లో రిటర్న్ మెగ్స్‌తో కలిసి టెల్లికో ఒప్పందాల మీద సంతకం పెట్టి చెరోకీల భూమి రాయించుకున్న ఇద్దరు కమిషనర్లలో ఒకడు స్మిత్. 1779లో అతను గొలుసు లాగిన నేలలో చాలా భాగం అప్పటికి ఏ ఒప్పందంతోనూ తెల్లవాళ్ళ చేతికి వచ్చింది కాదు. ఇద్దరు దొరలు మూడోవాడి పొలంలో గట్టు గురించి తగువులాడుకున్నట్టు సాగిన వ్యవహారం ఇది.

ఇక సర్వే. అప్పటికి కెంటకీ వర్జీనియాలో, టెన్నెసీ నార్త్ కరొలైనాలో భాగం. వర్జీనియా, నార్త్ కరొలైనాల మధ్య హద్దును సముద్రం ఒడ్డు నుంచి 1728లో మొదలుపెట్టి ముక్కలు ముక్కలుగా పడమరకు పెంచుకుంటూ వచ్చారు. 1749లో జాషువా ఫ్రై, పీటర్ జెఫర్సన్ (థామస్ జెఫర్సన్ తండ్రి) దాన్ని స్టీప్ రాక్ క్రీక్ దాకా తెచ్చి ఆపారు. ముప్పై ఏళ్ళ తర్వాత అక్కడి నుంచి కొనసాగించమని రెండు రాష్ట్రాలూ కమిషనర్లను పంపాయి. వర్జీనియా తరఫున వాకర్, స్మిత్. నార్త్ కరొలైనా తరఫున వెళ్ళినవాళ్ళలో ముఖ్యుడు రిచర్డ్ హెండర్సన్. ఇతను జడ్జి, అంతకు మించి భూముల వ్యాపారి. 1775లో చెరోకీల దగ్గర కెంటకీ, టెన్నెసీల్లో లక్షల ఎకరాలు కొన్నానన్నాడు. వర్జీనియా 1778లో ఆ కొనుగోలును కొట్టేసింది. గీత ఎక్కడ పడితే తన పెట్టుబడి ఎవరి రాజ్యంలో తేలుతుందో లెక్క వేసుకున్న మనిషిని హద్దు నిర్ణయించడానికి పంపడం ఆనాటి పద్ధతి!

పని నడిచే తీరు ఇలా ఉంటుంది. ఒంటికాలి కర్ర మీద దిక్సూచి బిగించి సర్వేయర్ పడమరకు చూపు పెడతాడు. ఆ చూపుకు అడ్డొచ్చే కొమ్మలూ పొదలూ గొడ్డళ్ళవాళ్ళు నరుకుతారు. ఇద్దరు చైన్‌మన్లు గొలుసు లాగుతారు. గీత మీదికి వచ్చిన చెట్టుకు, అది వచ్చిన వైపూ పోయే వైపూ బెరడు చెక్కి గుర్తు పెడతారు. గుర్రాల మీద పిండి, ఉప్పు, తుపాకిమందు. వెనక కాపలా, ముందు వేటగాళ్ళు.

గొలుసు అంటే గంటర్ గొలుసు. 66 అడుగులు, 100 లింకులు. ఎనభై గొలుసులు ఒక మైలు, పది చదరపు గొలుసులు ఒక ఎకరం. ఇదే గొలుసు ఇంగ్లిషువాళ్ళతో మన ఊళ్ళకూ వచ్చింది. కోస్తాలో మనం చెప్పుకునే సెంటు ఎకరంలో నూరో వంతు, అంటే సరిగ్గా వెయ్యి చదరపు లింకులు. తెలంగాణ గుంట 33 అడుగులు బై 33 అడుగులు, అంటే సగం గొలుసు చదరం. కొండ అడవుల్లో అమెరికా సర్వేయర్లు తరచు వాడింది కూడా ఆ 33 అడుగుల సగం గొలుసునే, ఎందుకంటే వాలు మీద పొడుగు గొలుసును మట్టంగా పట్టుకోవడం కుదరదు. గొలుసును నేల వాలుకు పరిస్తే దూరం ఎక్కువ వస్తుంది. అందుకే చిన్న చిన్న ముక్కలుగా ఎత్తి పట్టుకుని, చివర తూకపు గుండు వేలాడదీసి, మెట్లు మెట్లుగా కొలుస్తారు. ఇది కాక అరుగుదల ఒకటి. లింకులూ రింగులూ ఒరుసుకునే చోట్లు ఒక గొలుసులో ఆరు వందల దాకా ఉంటాయి. ఒక్కో చోట అంగుళంలో నూరో వంతు అరిగినా గొలుసు ఆరంగుళాలు సాగుతుంది. మైలుకు నలభై అడుగుల తేడా. అయితే తూర్పు పడమరల గీతకు దూరం తప్పితే పెద్ద నష్టం లేదు, మైలురాయి అటో ఇటో పడుతుందంతే. అసలు ప్రమాదం దిక్కు తప్పితేనే.

దిక్కు తప్పడానికి రెండు దారులున్నాయి. మొదటిది అక్షాంశం తీయడం. మిట్టమధ్యాహ్నం సూర్యుడి ఎత్తు కొలిచి, తొంభైలోంచి తీసేసి, ఆ రోజు సూర్యుడి క్రాంతిని (భూమధ్యరేఖకు ఎంత ఉత్తరాన ఉన్నాడో చెప్పే కోణాన్ని) పట్టికలోంచి చూసి కలిపితే అక్షాంశం వస్తుంది. అడవిలో సముద్రపు అంచు కనిపించదు కాబట్టి పళ్ళెంలో పాదరసం పోసి, ఆకాశంలోని సూర్యుణ్ణీ పాదరసంలోని బింబాన్నీ కలిపి చూస్తారు. కోణం రెట్టింపు వస్తుంది. 36½ డిగ్రీల దగ్గర సెప్టెంబరు మొదట్లో సూర్యుడు 60 డిగ్రీల ఎత్తున ఉంటాడు, రెట్టింపు 120. కోణాలు కొలిచే పనిముట్టు సెక్స్‌టెంట్. అది కొలవగలిగే పరిమితి దాదాపు అక్కడితో సరి. జూన్‌లో అయితే 150 దాటుతుంది, పనిముట్టు చేతులెత్తేస్తుంది. కోణంలో ఒక నిమిషం తప్పితే నేల మీద 1.15 మైలు. సూర్యుడి నడిమధ్యకు బదులు అంచును చూసి, ఆ 16 నిమిషాల సవరణ మరిచిపోతే పద్దెనిమిది మైళ్ళు గోవిందా.

రెండోది దిక్సూచి. ముల్లు చూపేది అయస్కాంత ఉత్తరం. దానికీ అసలు ఉత్తరానికీ ఉండే తేడా చోటును బట్టి మారుతుంది, ఏళ్ళు గడిచేకొద్దీ కూడా మారుతుంది. ఒక డిగ్రీ తేడా సవరించకుండా వదిలేస్తే మైలుకు 92 అడుగులు, నూరు మైళ్ళకు మైలుంముప్పావు. ఇనుప ఖనిజం ఉన్న కొండ పక్కన నిలబడితే ముల్లు దాని వైపు లాగుతుంది. అందుకే కొన్ని మైళ్ళకోసారి ఆగి, ధ్రువ నక్షత్రాన్ని చూసి ముల్లు తేడాను మళ్ళీ కట్టాలి. మబ్బు పడితే ఆగి ఎదురుచూడాలి. తిండి అయిపోతూ, చలి ముంచుకొస్తుంటే ఎదురుచూసే ఓపిక ఎవరికుంటుంది? 1779-80 చలికాలం మామూలు చలికాలం కాదు, నాష్‌విల్ దగ్గర కంబర్లాండ్ నది మనుషులు నడిచి దాటేంతగా గడ్డకట్టింది.

భూమి గుండ్రంగా ఉండటం వల్ల వచ్చే తేడా సంగతేమిటని లెక్కలు తెలిసినవాళ్ళు అడుగుతారు. నిజమే. పడమరకు సరళరేఖలో చూపు పెట్టి పోతే ఈ అక్షాంశం దగ్గర పది మైళ్ళకు దాదాపు యాభై అడుగులు, నూరు మైళ్ళకు మైలుకు కాస్త తక్కువ తప్పుతుంది. కానీ ఆ తప్పు దక్షిణానికి లాగుతుంది. వాకర్, స్మిత్‌ల గీత జరిగింది ఉత్తరానికి. పైగా ముల్లు చూసుకుంటూ అడుగడుగునా దిక్కు సరిచేసుకునేవాడికి ఈ వంపు పెద్దగా అంటదు. కాబట్టి వేలు ముల్లు తేడా వైపే చూపిస్తుంది, చరిత్రకారులు సాధారణంగా చెప్పే కారణమూ అదే. అడవి మరీ దుర్గమంగా ఉన్న ఒక పెద్ద ముక్కను కొలవకుండానే వదిలేసి, కంబర్లాండ్ నది దగ్గర మళ్ళీ అక్షాంశం చూసుకుని మొదలుపెట్టడం దానికి తోడైంది. టెన్నెసీ నదికి చేరేసరికి గీత 36 డిగ్రీల 40 నిమిషాల దగ్గర ఉంది. పది నిమిషాలు, పదకొండున్నర మైళ్ళు.

తమాషా ఏమిటంటే, మొదట తప్పు పట్టింది హెండర్సన్. నలభై మైళ్ళు కలిసి నడిచాక, గీత రెండు మైళ్ళు దక్షిణానికి పోయిందని నార్త్ కరొలైనా కమిషనర్లు పేచీ పెట్టారు. తమ గీతను ఉత్తరంగా వేరే వేసుకుని కంబర్లాండ్ కొండ దాకా లాగి, అక్కడ వదిలేశారు. నిజానికి ఇద్దరి గీతలూ 36-30కి ఎంతో ఉత్తరాన ఉన్నాయి, హెండర్సన్‌ది ఇంకా ఎక్కువ ఉత్తరాన. అయితే ఆ తప్పు నార్త్ కరొలైనాకు భూమి తెచ్చిపెట్టే తప్పు. వాకర్, స్మిత్‌లది తమను పంపిన వర్జీనియాకే భూమి పోగొట్టిన తప్పు. అందుకే నేను వీళ్ళ చేతకానితనాన్ని నమ్ముతాను కానీ దురుద్దేశాన్ని నమ్మను. తర్వాత స్మిత్ టెన్నెసీకే వెళ్ళి స్థిరపడ్డాడు కదా, ముందే ఏదైనా మనసులో పెట్టుకున్నాడేమో అనే అనుమాన పిశాచులకు ఒక అంకె: హెండర్సన్‌విల్ అక్షాంశం 36-18. గీత ఎంత కచ్చితంగా పడినా అతని ఇల్లు దక్షిణంలోనే ఉండేది.

పోయిన భూమి తక్కువేమీ కాదు. కంబర్లాండ్ గ్యాప్ నుంచి టెన్నెసీ నది దాకా సుమారు 245 మైళ్ళ పొడవు, సగటున ఎనిమిది తొమ్మిది మైళ్ళ వెడల్పు వేసుకుంటే రెండు వేల చదరపు మైళ్ళ పైమాటే. క్లార్క్స్‌విల్ 36-32 దగ్గర ఉంది, కాగితం ప్రకారం కెంటకీ ఊరు. కింగ్స్‌పోర్ట్ 36-33 దగ్గర, అది వర్జీనియా ఊరు. క్లార్క్స్‌విల్‌లో ఉండి జీతం మీద రాష్ట్ర ఆదాయపు పన్ను కట్టకుండా, గీత దాటి హాప్కిన్స్‌విల్‌లో ఉండే స్నేహితుణ్ణి ఆట పట్టించే తెలుగువాళ్ళు ఒకసారి డాక్టర్ వాకర్‌కూ స్మిత్‌కూ దణ్ణం పెట్టుకోవాలి.

గీత మధ్యలో ఇంకో చిన్న ముడి ఉంది. కెంటకీలోని సింప్సన్ కౌంటీ దగ్గర త్రిభుజాకారపు ముక్క ఒకటి టెన్నెసీలోకి దిగబడింది. అక్కడి సత్రం యజమాని తన ఇల్లు కెంటకీలో ఉండాలని సర్వేయర్లకు విస్కీ పోయించాడనేది స్థానికుల కథ. కథ బాగుంది కానీ, అలాంటి చోట ముందు ముల్లునూ చివరికి మనుషులనూ అనుమానించడం మంచిది. 1826లో టెన్నెసీ కాంగ్రెస్ సభ్యుడు శామ్ హ్యూస్టన్ తన ప్రత్యర్థి విలియం వైట్‌తో పిస్తోలు పోటీకి నాష్‌విల్ నుంచి సరిగ్గా ఈ కౌంటీకే వచ్చాడు, టెన్నెసీలో అది నేరం కాబట్టి.

వాకర్, హెండర్సన్‌ల గీతల మధ్య రెండు మైళ్ళ పట్టీలో ఇళ్ళు కట్టుకున్నవాళ్ళ బతుకు ఆలోచించండి. పన్ను ఎవరికి కట్టాలి, ఓటు ఎక్కడ వెయ్యాలి, అప్పు ఎగ్గొట్టినవాడి మీద ఏ కోర్టులో దావా వెయ్యాలి, ఏదీ తేలదు. 1802లో వర్జీనియా, టెన్నెసీలు మళ్ళీ కమిషనర్లను వేశాయి. వాళ్ళు చేసిన పని నాకు భలే నచ్చుతుంది. 36-30 ఎక్కడుందో మళ్ళీ వెతకలేదు. వాకర్ గీతకూ హెండర్సన్ గీతకూ సరిగ్గా నడిమధ్యన, వైట్ టాప్ కొండ నుంచి కంబర్లాండ్ గ్యాప్ దాకా కొత్త గీత లాగి, చెట్ల మీద వజ్రం ఆకారంలో గుర్తులు చెక్కారు. అందుకే దానికి డైమండ్ లైన్ అని పేరు. 1803లో రెండు శాసనసభలూ ఆమోదించాయి. అదే 1802లో మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర విలియం లాంబ్టన్ ఏడున్నర మైళ్ళ ఆధారరేఖను వారాల తరబడి అంగుళాల లెక్కన కొలిచి, తర్వాత మన హైదరాబాదు మీదుగా పోయిన మహా త్రికోణమితి సర్వేకు పునాది వేశాడు. ఒకచోట శాస్త్రం, ఒకచోట రాజీ. రెండూ సర్వేలే, వేటి అవసరం వాటిది.

కెంటకీతో తగువు 1820 దాకా సాగింది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో కుదిరిన ఒప్పందం ప్రకారం టెన్నెసీ నదికి తూర్పున వాకర్ గీత, పడమట అలెగ్జాండర్-మన్సెల్ గీత. పడమటి నేల 1818లో చికాసాల దగ్గర కొన్నది. అక్కడ పాత గుర్తులు లేవు, పాత పట్టాలు లేవు, అందుకే కచ్చితంగా గీసుకోగలిగారు. తూర్పున అప్పటికే నలభై ఏళ్ళ కాపురాలు. వాకర్ గీతకూ 36-30కీ మధ్య ఖాళీగా మిగిలిన భూములకు పట్టాలిచ్చే హక్కు కెంటకీకి, పాలన టెన్నెసీకి అని పంచుకున్నారు. ఇలాంటి ఒప్పందం సామాన్యుల పట్టాలనూ కట్టిపడేస్తుందని 1837లో పూల్ వర్సెస్ ఫ్లీగర్ కేసులో సుప్రీం కోర్టు చెప్పింది. రాష్ట్రాలు ఒప్పుకున్న హద్దును మొదటి నుంచీ ఉన్న హద్దుగానే చూడాలి.

అసలు తీర్పు 1893లో వచ్చింది. 1803 ఒప్పందానికి కాంగ్రెస్ అనుమతి లేదు, పైగా గీత 36-30 మీద లేదు, కాబట్టి చెల్లదని వర్జీనియా కోర్టుకెక్కింది. జస్టిస్ స్టీఫెన్ ఫీల్డ్ రాసిన తీర్పు రెండు వాదనలనూ కొట్టేసింది. కోర్టు జిల్లాలకూ ఎన్నికలకూ పన్నుల వసూలుకూ కాంగ్రెస్ ఇన్నేళ్ళూ ఈ గీతనే వాడింది, అంటే అనుమతించినట్టే. ఇక అక్షాంశం మాట. కమిషనర్లు గీసి, ఇరువైపులా ఒప్పుకుని, తరాలు దాని మీద బతికాక, చార్టర్‌లోని అంకెకు తేడా ఉన్నంత మాత్రాన హద్దు కదలదు. హద్దును కదిపే దారి లేదా అంటే ఉంది. బ్రిస్టల్ ఊళ్ళో గీత ప్రధాన వీధిలో ఒక పక్కగా పోతుంటే, 1901లో రెండు శాసనసభలూ కాంగ్రెసూ కలిసి దాన్ని వీధి మధ్యకు జరిపాయి. ఇప్పుడు స్టేట్ స్ట్రీట్ నడుమ ఇత్తడి బిళ్ళలు ఉన్నాయి, ఒక పక్క షాపులో ఒక సేల్స్ టాక్స్, ఎదురు షాపులో ఇంకొకటి. అర వీధి జరపడానికి అంత తతంగం పట్టింది.

దీన్ని దృష్టిలో పెట్టుకుని జార్జియా గొడవ చూడండి. అట్లాంటాలో ఉండే మనవాళ్ళకు 2007 కరువు గుర్తుండే ఉంటుంది. జార్జియా, టెన్నెసీల హద్దు 35వ అక్షాంశం అని రాత. 1818లో జేమ్స్ కామక్ గీసిన గీత దానికి దాదాపు మైలు దక్షిణంగా పడింది. గీత రాత ప్రకారం ఉంటే నికజాక్ దగ్గర టెన్నెసీ నది జార్జియాను తాకేది, నీళ్ళు తోడుకోవచ్చు. అందుకని 2008లోనూ 2013లోనూ జార్జియా శాసనసభ తీర్మానాలు చేసింది. రెండోసారి బేరం తగ్గించి, నదిదాకా చేరే ఒకటిన్నర చదరపు మైళ్ళ ముక్క ఇస్తే చాలంది. 1818 గీతను తాము లాంఛనంగా ఎన్నడూ ఒప్పుకోలేదని జార్జియా వాదన. నా అభిప్రాయంలో 1893 తీర్పు ముందు అది నిలవదు. రెండు వందల ఏళ్ళు ఆ గీతకు అటు టెన్నెసీ పన్నులు, బడులు, షెరీఫులు నడిచాయి. జార్జియాకు నీళ్ళు కావాలంటే కొనాలి, లేదా బ్రిస్టల్ దారిలో ఒప్పందం చేసుకుని కాంగ్రెస్ దగ్గరకు వెళ్ళాలి. కృష్ణా జలాల తగువు చూస్తూ పెరిగినవాళ్ళకు ఒడ్డుకు ఎంత విలువో చెప్పనక్కర్లేదు, అయినా కామక్ తప్పును ఆయుధంగా వాడటం మాత్రం దొడ్డిదారే.

ఇక మన దస్తావేజుల సంగతి. వర్జీనియా, కరొలైనాలు, టెన్నెసీ, కెంటకీల్లో, జార్జియాలో కొంత మేర, భూమి వర్ణన చుట్టు కొలతలతో ఉంటుంది. ఫలానా రాయి దగ్గర మొదలై, ఉత్తరం 45 డిగ్రీలు తూర్పుకు 32 పోల్స్ వెళ్ళి, ఓక్ చెట్టు దగ్గర తిరిగి అంటూ సాగుతుంది. పోల్ అంటే పదహారున్నర అడుగులు, పాతిక లింకులు. ఆ దిక్కు దస్తావేజు రాసిన ఏడాది ముల్లు చూపిన దిక్కు, ఈనాటిది కాదు. అమెరికా ప్రభుత్వ సముద్ర, వాతావరణ సంస్థ నోవా (NOAA) వెబ్‌సైటులో చోటూ సంవత్సరమూ ఇస్తే 1750 దాకా వెనక్కి వెళ్ళి ఆనాటి తేడా చెబుతుంది. ఆ సవరణ చెయ్యకుండా ఫోను యాప్‌తో హద్దు వెతికితే పక్కింటివాడి పెరట్లో తేలతారు.

కొలతలు ఒకదానితో ఒకటి పొసగనప్పుడు ఏది నెగ్గుతుందో కోర్టులు మామూలుగా పాటించే వరస ఉంది. ముందు ఏరు, కొండలాంటి సహజమైన గుర్తులు. తర్వాత మనిషి పెట్టిన రాయి, ఇనుప కడ్డీ. తర్వాత పక్కవాడి హద్దు. ఆపైన దిక్కు, దూరం. అన్నిటికన్నా చివర విస్తీర్ణం. మన చెక్కుబందీలు విస్తీర్ణం మీద నెగ్గినట్టే ఇదీ. ఎకరాల లెక్క చూసి ధర మాట్లాడే మనవాళ్ళు, కాగితంలో ‘కొంచెం అటూఇటూగా ఐదెకరాలు’ అని ఉంటే నాలుగున్నరే తేలినా గట్టిగా అడగలేరని గుర్తుంచుకోవాలి. పాత రాయి ఉన్నచోట, లెక్క ప్రకారం అది ఇక్కడ ఉండాలని రెండడుగుల అవతల కొత్త కడ్డీ దిగగొట్టే సర్వేయర్లు ఉన్నారు. ఒకే మూలలో నాలుగైదు కడ్డీలు పోగుపడితే వృత్తిలోనివాళ్ళు దాన్ని పిన్ కుషన్ అని ఎగతాళి చేస్తారు. వాటిలో నిలిచేది మొదటి గుర్తు, దాన్ని చూసే ఇరుగుపొరుగు కంచెలు కట్టుకున్నారు కాబట్టి.

ఇల్లు కొనేటప్పుడు లోను కంపెనీ చేయించే లొకేషన్ డ్రాయింగ్ హద్దు సర్వే కాదు. దాని మీద చిన్న అక్షరాల్లో అదే రాసి ఉంటుంది. కౌంటీ వెబ్‌సైటు మ్యాపులో కనిపించే గీతలు పన్ను వసూలు కోసం గీసినవి, అడుగుల లెక్కన తప్పుతాయి. టైటిల్ ఇన్సూరెన్సు తీసుకున్నాం కదా అనుకుంటే, సర్వేలో బయటపడే విషయాలకు మా బాధ్యత లేదనే మినహాయింపు మామూలు పాలసీలో ఉంటుంది. సర్వే చేయించి ఇస్తేనే దాన్ని తీసేస్తారు. గుడికో హాలుకో స్థలం కొనే కమిటీలు ఆల్టా (ALTA, అమెరికా టైటిల్ కంపెనీల సంఘం) ప్రమాణాల సర్వే అడగాలి, అడిగేటప్పుడు టేబుల్ ఏ అనే ఐచ్ఛికాల పట్టికలో మొదటి అంశం తప్పకుండా టిక్ పెట్టాలి. మూలల్లో గుర్తులు పాతే పని దాని కిందే వస్తుంది. అది అడగకపోతే చక్కటి కాగితం చేతికొస్తుంది, నేల మీద మాత్రం మూలలో ఏమీ లేకుండా పోవచ్చు. పాతిన కడ్డీల మీద సర్వేయర్ లైసెన్సు నంబరున్న మూత ఉందో లేదో డబ్బు కట్టకముందే వెళ్ళి చూసుకోవాలి.

పక్కవాడి కంచె మీ వైపు ఉంటే ఊరుకోవద్దు. కెంటకీ, వర్జీనియాల్లో పదిహేనేళ్ళు, జార్జియా, నార్త్ కరొలైనాల్లో ఇరవై ఏళ్ళు, చేతిలో ఏదో ఒక పట్టా కాగితం ఉంటే జార్జియా, నార్త్ కరొలైనా, టెన్నెసీల్లో ఏడేళ్ళు బాహాటంగా అనుభవిస్తే ఆ ముక్క అతనిదైపోయే అవకాశం ఉంది. కంచె ఉండనివ్వాలనుకుంటే, అది మీ అనుమతితో ఉందని ఒక పేజీ రాయించి, ఇద్దరూ నోటరీ దగ్గర సంతకాలు పెట్టి, కౌంటీ ఆఫీసులో రికార్డు చేయించండి. ఆ కాగితంలో కంచె ఎన్ని అడుగులు ఇవతల ఉందో, ఏ మూల కడ్డీ నుంచి కొలిచారో కూడా రాయించండి.